జీపు యూనివర్సల్ జాయింటు: అరుగుదలను గుర్తించుట, మార్చుట

పల్నాటి రైతునకు బండి యిరుసు సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ఇరుసు కీచుమన్ననాడే కందెన పెట్టవలెనని మన పెద్దలు నేర్పిరి. నేడు జీపునకును ఆ జాగ్రత్తయే కావలసియున్నది. కాని జీపు కీళ్లు కంటికి కానరాక క్రింద దాగియుండుటచేత వాటి మొర మన చెవికి ఆలస్యముగా చేరుచున్నది. మాచెర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు రాతిబాటలయందును, వానకాలమున నల్లరేగడి డొంకలయందును ప్రాత జీపులు ఎరువు బస్తాలను, మిరపకోత కూలీలను మోయుచునే యున్నవి. అట్టి జీపు గల సభ్యుల ఉపయోగార్థము ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

జాయింటు చేయు పని

జీపు రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలో సైన్యము కొరకు పుట్టినది. 1947 తరువాత బొంబాయిలోని మహీంద్రా కంపెనీ దానిని మన దేశమున వ్యాపింపజేసెను. దాని ఇంజను శక్తి గేరుబాక్సునుండి వెనుక యిరుసునకు ప్రొపెల్లర్ షాఫ్టు అను ఇనుప గొట్టము ద్వారా చేరును. గేరుబాక్సు చట్టమునకు బిగింపబడి కదలక యుండును. ఇరుసు మాత్రము కమాను పట్టీలపై ఎగిరిపడుచుండును. గతుకున చక్రము లేచినప్పుడెల్ల షాఫ్టు వంపు మారును. వంపు మారినను తిరుగుట ఆగకుండునట్లు షాఫ్టు రెండు కొనలయందును రెండు కీళ్లు అమర్చిరి. ఇవియే యూనివర్సల్ జాయింట్లు. 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరును, 17వ శతాబ్దపు ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు హుక్ పేరును ఈ కీలునకు నేటికిని వాడుచున్నారు.

దీని నడుమ కూడిక గుర్తువలె నాలుగు చేతులు గల ఉక్కు ముక్క యుండును. మేస్త్రీలు దీనిని క్రాసు అందురు. ప్రతి చేతికొనకును ఒక చిన్న గిన్నె, ఆ గిన్నెలో సూదులవంటి సన్నని రోలర్లు వరుసగా నిలిచియుండును. ఎదురెదురుగా నున్న రెండు చేతులను ఒక యోకు, తక్కిన రెంటిని మరియొక యోకు పట్టుకొనును. యోకు అనగా కాడియే గాని వేరు కాదు.

ఈ రోలర్లు చుట్టు పూర్తిగా తిరుగవు. ఉన్నచోటనే ముందునకును వెనుకకును కొద్దిగా దొర్లుచుండును. కావున గ్రీజు ఎండినను, వాగునీరు చొచ్చినను, సున్నపురాతి దుమ్ము చేరినను, రోలర్లు క్రాసు చేతులమీద ఒకే చోట గాడులు కోయును. గాడి పడిన క్రాసు ఎంత గ్రీజు పెట్టినను బాగుపడదు.

అరుగుదల గుర్తులు

మొదటి గుర్తు కిచకిచ. జీపు మెల్లగా నడచునప్పుడు చక్రపు వేగమును బట్టి పిట్ట కూసినట్లు వినబడును. గ్రీజు ఎండినదని దీని యర్థము. ఈ దశలోనే మేలుకొన్నవారికి నష్టము స్వల్పము.

రెండవది, క్లచ్చి విడిచినప్పుడుగాని, ముందు గేరునుండి రివర్సునకు మార్చినప్పుడుగాని అడుగున ఠక్కుమను దెబ్బ. మూడవది, వేగము హెచ్చినకొలది కాళ్లక్రింద హెచ్చు వణుకు. నాలుగవది, గిన్నెల చుట్టును కుంకుమవంటి యెఱ్ఱని తుప్పుపొడి. తుప్పుపొడి కనబడెనేని లోపల గ్రీజు లేదని నిశ్చయముగా తెలిసికొనవలెను.

ఠక్కుమను శబ్దము వెనుక యిరుసులోని పండ్లచక్రముల వలనను కలుగవచ్చును. రెంటికిని భేదము కనుగొను విధము సులభము. సమతలమున జీపును ఆపి, చక్రములకు ఇరువైపుల రాళ్లు పెట్టి, ఇంజను నిలిపి, తాళపుచెవి జేబులో వేసికొని, గేరును న్యూట్రలులో నుంచవలెను. తరువాత ఒకే జాయింటు యొక్క రెండు యోకులను రెండు చేతులతో పట్టుకొని ఒకదానిని కుడికి, రెండవదానిని ఎడమకు మెలిపెట్టవలెను. పైకిని క్రిందికిని కూడ ఊపి చూడవలెను. రెంటి నడుమ కదలిక ఏమాత్రమున్నను క్రాసు అరిగినదే. రెండు యోకులును కలిసి కదలి, ఆవల యిరుసులో మాత్రము కొద్దిపాటి వదులు కనబడినయెడల అది పండ్లచక్రముల సందు. కొంతవరకు అది సహజమే.

మా తప్పు

ఈ పరీక్ష చేయకయే మేము ఒకమారు శబ్దమును బట్టి యిరుసు చెడినదని తలచి దానిని విప్పించితిమి. రెండు దినములును, డబ్బును వృథా యైనవి. ఠక్కుమను శబ్దము పోలేదు. పిమ్మట జాయింటును గుర్తించి గురజాల దగ్గరి యొక పల్లెలో, ఏటవాలు బాటపై, హ్యాండుబ్రేకు లాగియున్నది గదా యను ధైర్యముతో షాఫ్టు ఊడదీయించితిమి. చివరి బోల్టు వదలినంతనే జీపు కదలెను. క్రింద పండుకొనియున్న పిల్లవానిని కాళ్లు పట్టి ఈవలకు లాగితిమి. అతని భుజము గీచుకొనిపోవుటతో గండము తప్పినది.

కారణ మేమనగా, ప్రాత జీపులలో హ్యాండుబ్రేకు చక్రములను నేరుగా పట్టదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక, షాఫ్టు మొదట నుండు డ్రమ్మును పట్టును. వెనుక షాఫ్టు తీసినంతనే ఆ బ్రేకునకును వెనుక చక్రములకును సంబంధము తెగును. గేరులో నిలిపినను అంతే. దారిలో జాయింటు తనంతట తెగినను ఇదే జరుగును. అదియునుగాక ముందు కొన ఊడిన షాఫ్టు నేలకు గ్రుచ్చుకొని బండిని ఎత్తి వేయగలదు. కూలీలను ఎక్కించుకొని ఘాటు దిగు జీపునకు ఈ విపత్తు కలిగిన ఫలమును మీరే ఊహింపుడు. కావున రాళ్లు పెట్టనిదే జీపు క్రిందికి ఎవ్వరును దూరరాదు.

మార్చు విధము

షాఫ్టు తీయుటకు ముందు రెండు కొనలయందును, నడుమ జారుచుండు పండ్లగొట్టము వద్దను ఉలితో గుర్తులు పెట్టవలెను. జాయింటు వంపులో తిరుగునప్పుడు ఒక చుట్టులో రెండుమారులు వేగము కొద్దిగా హెచ్చి, రెండుమారులు తగ్గును. మొదటి జాయింటు చేసిన ఈ హెచ్చుతగ్గులను రెండవ జాయింటు సరిపుచ్చును. అందుచేత షాఫ్టుమీది రెండు యోకులును ఒకే వరుసన నుండవలెను. గుర్తులు తప్పి బిగించినచో క్రొత్త క్రాసులు వేసినను వణుకు పోదు.

షాఫ్టు దిగిన తరువాత యోకులోని లాకురింగులను తీసి, బెంచి వైసులో ఒకవైపు గిన్నెకంటె చిన్న గొట్టమును, రెండవవైపు గిన్నె పట్టునంత పెద్ద గొట్టమును ఉంచి బిగించిన గిన్నె తిన్నగా వెలికివచ్చును. సుత్తితో షాఫ్టు గొట్టమును కొట్టరాదు. సొట్టపడినచో తిరుగునప్పుడు తూకము చెడును. గిన్నె కూర్చుండు యోకు రంధ్రమును శుభ్రపరచి చూడవలెను. క్రొత్త గిన్నె అందులో వ్రేలితో త్రోయగా వదులుగా పోయినయెడల యోకును కూడ మార్చవలసినదే. దుకాణమునకు ప్రాత క్రాసునే తీసికొనిపోయి గిన్నె వ్యాసమును, ఎదురుగిన్నెల నడుమ పొడవును సరిచూచి కొనవలెను.

క్రొత్త గిన్నెలలో కొద్దిగా గ్రీజు పూసి, సూదులన్నియు నిలిచియున్నవో లేవో చూడవలెను. ఒక్క సూది అడుగున పడినను గిన్నె పూర్తిగా దిగదు, లాకు దాని గాడిలో పట్టదు. అట్టి సమయమున బలముగా కొట్టక, వెలికి తీసి సూదిని సరిచేయవలెను. గ్రీజు నిప్పిలు గన్ను అందునట్టి వైపున నుండవలెను. బిగించిన పిదప క్రాసు చేతితో అన్ని వైపుల సులభముగా ఆడవలెను. గుర్తులు కలిపి షాఫ్టు ఎక్కించి, బోల్టులను సమానముగా బిగించి, నాలుగు గిన్నెలనుండియు గ్రీజు వెలికి వచ్చువరకు చేతిగన్నుతో ఎక్కింపవలెను. కొంతదూరము నడిపిన తరువాత బోల్టులను మరల తనిఖీ చేయవలెను.

ఇక ముందు జాగ్రత్త

మేము 1,500 కిలోమీటర్లకు ఒకసారి గ్రీజు పెట్టుచున్నాము. వాగు దాటిననాడు, బురదలో దిగబడిననాడు లెక్క చూడక ఆ సాయంకాలమే పెట్టుచున్నాము. గట్టి తారురోడ్డుమీద నాలుగు చక్రముల నడకను వేసి నడుపరాదు. మలుపులలో ముందు చక్రములును వెనుక చక్రములును వేరువేరు దూరములు పోవును గనుక ఆ మెలి యంతయు జాయింట్లపై పడును.

ట్రాక్టరు గల సభ్యులు రోటవేటరు షాఫ్టును చూచుకొనవలెను. దానియందును ఇట్టి జాయింట్లే యున్నవి. అది నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకనుకు 9 చుట్లు తిరుగును. తిరుగుచుండగా రోటవేటరును మిక్కిలి పైకి ఎత్తిన వంపు హెచ్చి క్రాసు విరుగును. ఇంజను ఆపనిదే దాని దగ్గర చేయి పెట్టరాదు. పైతొడుగు లేని షాఫ్టునకు కండువా కొన తగిలిన, మనిషి కేక వేయునంతలో చుట్టుకొనిపోవును.

ఒక్కొక్కరు గ్రీజు గన్నును, వైసును కొననక్కరలేదు. ఈ రెంటిని సంఘము కొని గిడ్డంగిలో నుంచి, తీసికొనువారి పేరు పుస్తకమున వ్రాసికొనిన చాలును. మిరపకోతలు మొదలగుటకు ముందు ఒక ఆదివారము సభ్యులు తమ వాహనములను అచ్చటకు తెచ్చి ఒకరి జాయింట్లను ఒకరు పరీక్షింతురుగాక. క్రాసు వెల స్వల్పము. మన జీపునెక్కు కూలీల ప్రాణములకు వెల లేదు.