పరుపు మోసిన ఆ నలుగురు

సువార్తల్లో ఇద్దరు రోగులు కనిపిస్తారు. ఇద్దరూ పరుపు పట్టినవాళ్లే. యెరూషలేములో బేతెస్ద కోనేటి దగ్గర పడి ఉన్నవాడు 38 ఏళ్లుగా వ్యాధిగ్రస్తుడు. స్వస్థపడాలని ఉందా అని యేసు అడిగితే అతను తన జబ్బు గురించి చెప్పలేదు. నీళ్లు కదిలినప్పుడు తనను కోనేట్లోకి దించే మనిషే లేడని మొరపెట్టుకున్నాడు (యోహాను 5:1–9). రెండోవాడు కపెర్నహూములోని పక్షవాయువు రోగి. అతనికి నలుగురు మనుషులున్నారు. జనం కిక్కిరిసి లోపలికి దారి లేకపోతే, ఆ నలుగురూ ఇంటికప్పు విప్పి మరీ అతన్ని పరుపుతోపాటు యేసు ముందుకు దించారు (మార్కు 2:1–12). ఒకరికి మనుషులు లేరు, ఇంకొకరికి ఉన్నారు. రోగి జీవితంలో ఇది ఎంత పెద్ద తేడాయో వైద్యులు కూడా ఈనాడు ఒప్పుకుంటున్నారు.

ఆరోగ్యమంటే రోగం లేకపోవడం ఒక్కటే కాదని, శరీరం, మనసు, సాంఘిక జీవితం మూడూ క్షేమంగా ఉండటమని 1948లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం నిర్వచించింది. రోగి శరీరాన్నే గాక అతని మనసునూ, ఇంటినీ, చుట్టూ ఉన్న సమాజాన్నీ కలిపి చూడాలని అమెరికా వైద్యుడు జార్జి ఎంగెల్ 1977లో వాదించాడు. 1997లో ప్రచురితమైన మరో అమెరికా పరిశోధనలో, ఆరోగ్యంగా ఉన్న 276 మంది ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి గమనించారు. కుటుంబం, స్నేహితులు, ఇరుగుపొరుగు, ప్రార్థనా సమాజం ఇలా రకరకాల బంధాలు ఎక్కువగా ఉన్నవారికి జలుబు తక్కువగా వచ్చింది. 1995 నాటి ఒక చిన్న అధ్యయనంలో, మతిమరుపు వ్యాధి సోకిన బంధువులకు సేవ చేస్తున్న 13 మంది స్త్రీల చేతిమీద చేసిన చిన్న గాయం మానడానికి, అలాంటి భారం లేని 13 మంది కన్నా సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది. మనసు మోసే భారం శరీరానికీ తెలుస్తుందన్నమాట.

అలాగని ప్రతి రోగమూ దిగులు వల్లే వస్తుందని దీని అర్థం కాదు. సూక్ష్మక్రిములు, వంశపారంపర్యం, తిండి, పేదరికం అన్నీ కారణాలే. దిగులు పడి జబ్బు తెచ్చుకున్నావని రోగిని నిందించడం పుండు మీద కారం చల్లడమే.

సమాజం రోగాన్ని ఎంత ముదరబెట్టగలదో కుష్ఠు చరిత్ర చెబుతుంది. ఈ వ్యాధికి బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లోనే సిఫారసు చేసింది. 6 నుంచి 12 నెలలు మందులు వాడితే నయమవుతుంది. కానీ వెలివేస్తారన్న భయంతో తొలి మచ్చను దాచుకున్నవాళ్లు, స్పర్శ పోయి వేళ్లు వంకర్లు తిరిగాకే వైద్యుడి దగ్గరికొస్తారు. ఆ వైకల్యంలో క్రిమితోపాటు మన చిన్నచూపుకూ భాగముంది. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో సైతం కుష్ఠు ఒక కారణంగా ఉండేది. 2019లో గాని పార్లమెంటు దాన్ని తొలగించలేదు. అయితే అందరూ దూరం పెట్టిన రోజుల్లోనే ఇసబెల్ కెర్ అనే మిషనరీ వైద్యురాలు నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు చికిత్సతోపాటు నివాసమూ కల్పించింది. కుష్ఠురోగిని బాగుచేయడానికి ముందు అతన్ని చెయ్యిచాపి ముట్టుకున్న ప్రభువు (మార్కు 1:41) అడుగుజాడ అది.

మరి మన సంఘాల్లో ఏం జరుగుతోంది? జబ్బు చేసినవారిని చూడటానికి వెళ్లి, విశ్వాసం చాల్లేదనో, రహస్య పాపమేదో ఉందనో తేల్చేసి వస్తాం. యోబు స్నేహితులు ఏడు రోజులు అతని పక్కన మౌనంగా కూర్చున్నంతవరకు మంచి స్నేహితులే. నోరు విప్పాకే అతనికి బాధాకరులయ్యారు. మన మాటలకు భయపడి మనోవ్యాకులతను తలనొప్పి పేరుతో దాచుకునేవారున్నారు. గొప్ప విశ్వాసులనిపించుకోవాలని షుగరు మాత్రలో, టీబీ మందులో మధ్యలోనే మానేసి ప్రాణం మీదికి తెచ్చుకునేవారున్నారు. పౌలు వెంట వైద్యుడైన లూకా ఉన్నాడన్న సంగతి (కొలొస్స 4:14) మనం మరచిపోతున్నాం.

కపెర్నహూములో యేసు చూసింది ఆ రోగి ఒక్కడి విశ్వాసాన్ని కాదు, ‘వారి’ విశ్వాసాన్ని అని మార్కు రాశాడు. అంటే మోసుకొచ్చిన నలుగురిదీ లెక్కలోకి వచ్చింది. రోగి విశ్వాసాన్ని తూకం వేసే పని ప్రభువు మనకివ్వలేదు. అతనికి నమ్మే శక్తి లేనప్పుడు అతని పక్షంగా నమ్మి, పరుపుకొక మూల పట్టుకోవడమే మన పని. ఒకరు ఆస్పత్రికి తోడెళ్లి ఓపీ వరుసలో నిలబడాలి. ఒకరు ఆ ఇంటి బియ్యం, పిల్లల ఫీజు సంగతి చూడాలి. ఒకరు రోగి దగ్గర ఓ పూట కూర్చుని, రాత్రింబవళ్లు సేవ చేస్తున్న భార్యనో కోడలినో కాస్త నిద్రపోనివ్వాలి. ఒకరు సలహాలు చెప్పకుండా అతని గోడు వినాలి. ప్రార్థన నలుగురూ చెయ్యాలి, మాత్రలు వేళకు వేసుకున్నాడా అనీ నలుగురూ అడగాలి.

మన వాడుకలో ‘ఆ నలుగురు’ అంటే చివరి ప్రయాణంలో భుజం పట్టేవాళ్లు. భూస్థాపనకు సంఘమంతా కదిలి వస్తుంది, మంచిదే. కానీ ఆ మనిషి ఊపిరితో ఉండగా పరుపు మోయడానికి నలుగురు దొరికి ఉంటే, ఆ రోజు అంత త్వరగా వచ్చేది కాదేమో! మన వీధిలో బేతెస్ద రోగి ఎవరో ఈ వారమే వెదుకుదాం.