యంత్రం కొలిచేది భయాన్నే

ఒక హత్య కేసు నెలల తరబడి తేలకపోతే చాలు, ‘లై డిటెక్టర్ పరీక్ష పెడితే నిజం బయటపడుతుంది కదా’ అంటారు జనం. నాయకులైతే ఆ పరీక్షకు సిద్ధమా అని ఒకరికొకరు సవాళ్లు విసురుకుంటారు. నిజానికి పాలిగ్రాఫ్ అబద్ధాన్ని పట్టదు. రక్తపోటు, నాడి, ఊపిరి, వేళ్లకు పట్టే చెమట, ఇవే దానికి తెలుసు. ఇవి హంతకుడికీ మారతాయి, స్టేషన్ గడప ఎన్నడూ తొక్కని అమాయకుడికీ మారతాయి. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2003లో ఈ పరీక్షను గుడ్డి అంచనా కన్నా మెరుగన్నది, కచ్చితత్వానికి మాత్రం చాలా దూరమన్నది. పదివేల మంది ఉద్యోగుల్లో పదిమంది గూఢచారులుంటే, ఎనిమిదిమందిని పట్టుకోవడానికి దాదాపు 1,600 మంది నిర్దోషులను అనుమానించాల్సి వస్తుందని లెక్క కట్టింది. సోవియట్లకు రహస్యాలమ్మిన సీఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ 1986లోనూ 1991లోనూ పరీక్ష గట్టెక్కేశాడు.

లాఠీ కన్నా యంత్రం నయం కదా, కనీసం ఆచూకీ దొరుకుతుంది కదా అని పోలీసుల వాదన. కొట్టిపారేయలేం. కానీ ఆచూకీ వేరు, రుజువు వేరు. 2008లో ఒంగోలు పరిసరాల జాతీయ రహదారిపై లారీ డ్రైవర్లను, క్లీనర్లను చంపి సరుకు దోచుకున్న ముఠాలో 12 మందికి ఒంగోలు కోర్టు 2021 మేలో మరణశిక్ష వేసింది. అక్కడ కేసును నిలబెట్టినవి పూడ్చిన శవాలు, మాయమైన లారీల జాడలు. ఇబ్రహీంపట్నం హాస్టల్ హత్య కేసు ఇందుకు విరుద్ధం: ఒక యువకుడు నేరం ఒప్పుకున్నాడని పోలీసులు ప్రకటించారు, 2010లో శిక్ష పడింది, 2017లో హైకోర్టు అతణ్ని నిర్దోషి అంది. అరెస్టైన నాటి నుంచి లెక్కిస్తే ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. ఎలాగైనా నేరస్థుణ్ని చూపించాలన్న ఒత్తిడిలో ఉన్న దర్యాప్తు చేతికి ‘యంత్రం కూడా ఇతన్నే చూపింది’ అన్న మాట దొరికితే, అసలు వెతుకులాట అక్కడే ఆగిపోతుంది.

పాలిగ్రాఫ్ వంటి పరీక్షలకు 2010 మే 5నే సెల్వి కేసులో సుప్రీంకోర్టు హద్దు గీసింది: సమ్మతి లేకుండా చేయరాదంది. సమ్మతించినా ఫలితం దానంతటదే సాక్ష్యం కాదు. దాని వల్ల దొరికిన వస్తువునో సమాచారాన్నో మాత్రమే కోర్టు చూస్తుంది. నిర్దోషి పరీక్షకెందుకు భయపడాలని అడిగేవాళ్లున్నారు. కృష్ణపట్నం వైపు వేటకు వెళ్లే మత్స్యకారుణ్నో, రొయ్యల చెరువు కాపలాదారునో స్టేషన్‌లో కూర్చోబెట్టి అడిగితే ‘సరే’ అనక ఏమంటాడు? వద్దంటే దాస్తున్నాడంటారు. సమ్మతిని మేజిస్ట్రేటు ఎదుట నమోదు చేయాలని, నిందితుడికి లాయరు అందుబాటులో ఉండాలని ఆ తీర్పే చెప్పింది. ఆ లాయరు పక్కన లేనప్పుడు పోలీసుల దరఖాస్తును మేజిస్ట్రేటు వెనక్కి పంపాలి.