కాపీ అయింది సరే, రెండూ ఒకటేనా?

2012 ఆగస్టు 1న అమెరికాలోని నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ సంస్థ కేవలం 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. హ్యాకింగ్ ఏమీ జరగలేదు. కొత్త ప్రోగ్రామ్‌ను ఎనిమిది సర్వర్లలో వేయాల్సి ఉండగా ఏడింటిలోనే వేశారు. ఎనిమిదో సర్వర్‌లో, ఎప్పుడో వాడకం మానేసిన పాత కోడ్ మిగిలిపోయింది. మార్కెట్ తెరుచుకోగానే అదే నడిచి, ఆగకుండా ఆర్డర్లు పంపింది. చేసిన పనిని రెండో వ్యక్తి సరిచూడలేదని అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ తేల్చింది.

లైనక్స్ సర్వర్లలో ఇలాంటి తేడాలను పట్టుకోవడానికి కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. 1970ల్లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ‘డిఫ్’ కమాండ్ చాలు. దానికి ‘-ఆర్’ జోడిస్తే ఫోల్డర్ లోపలి ఫోల్డర్లన్నీ వెతుకుతుంది. ‘-క్యూ’ కూడా జోడిస్తే తేడా ఉన్న ఫైళ్ల పేర్లు మాత్రమే చెబుతుంది. ఒకవైపే ఉన్న ఫైళ్లనూ, రెండువైపులా ఉన్నా లోపలి సమాచారం వేరుగా ఉన్న ఫైళ్లనూ విడివిడిగా చూపిస్తుంది. ఏమీ చెప్పకపోతే తేడా లేనట్టే. అయితే ఫైల్ యజమాని ఎవరు, ఎవరికి ఏ అనుమతులున్నాయి అన్నది డిఫ్ పట్టించుకోదు.

ఫోల్డర్లు వేర్వేరు మెషీన్లలో ఉంటే 1996లో వచ్చిన ‘ఆర్‌సింక్’ అనువుగా ఉంటుంది. ‘-ఎన్’ పెడితే అది ఏదీ కాపీ చేయదు, ఏమేం మార్చాల్సి ఉందో మాత్రమే చెబుతుంది. ‘-ఎ’, ‘-ఐ’ కలిపితే అనుమతుల తేడాలూ కనిపిస్తాయి. అసలు చిక్కు మరోచోట ఉంది. మామూలుగా ఆర్‌సింక్ ఫైల్ సైజు, చివరిగా మార్చిన సమయం మాత్రమే చూస్తుంది. ఆ రెండూ సరిపోయి లోపలి సమాచారం పాడైతే దానికి తెలియదు. ‘-సి’ పెడితే ప్రతి ఫైల్‌నూ పూర్తిగా చదివి చెక్‌సమ్ లెక్కగట్టి పోలుస్తుంది. సమయం ఎక్కువ పడుతుంది కానీ నమ్మకం కుదురుతుంది.

గమ్యస్థానంలో అదనంగా ఉన్న ఫైళ్లు తెలియాలంటే ‘డిలీట్’ ఆప్షన్ కూడా కావాలి. అప్పుడు ‘-ఎన్’ మరచిపోతే ఆ ఫైళ్లు నిజంగానే పోతాయి. పోలుస్తుండగా ఎవరో ఫైళ్లు మారుస్తుంటే ఫలితమూ తప్పుతుంది కాబట్టి, ముందు రాతలు ఆపాలి.

పాత సర్వర్‌ను తుడిచేయక ముందే ఈ సరిచూపు జరగాలి. తుడిచేశాక పోల్చడానికి రెండోది ఉండదు.