ఐ.పి. పెడితే అప్పులన్నీ పోతాయా?

గుంటూరు జిల్లాలో ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక రైతు కుటుంబం. ఆ ఇల్లాలి పేరు సీతమ్మ అనుకుందాం. వాళ్లకు ఎకరం పొలం సొంతం. మూడెకరాలు కౌలు. మిరప వేశారు.

ఒక ఏడు తెగులు వచ్చింది. మరో ఏడు తుపాను వచ్చింది. పంట పోయింది. అప్పులు మాత్రం పోలేదు. పెరిగాయి. పురుగుమందుల కొట్లో బాకీ ఉంది. వడ్డీ వ్యాపారి దగ్గర రెండు లక్షలు తెచ్చారు. సీతమ్మ గొలుసు బ్యాంకులో తాకట్టులో ఉంది. అన్నీ కలిపితే ఆరు లక్షలు.

ఒకరోజు భర్త అన్నాడు. "ఐ.పి. పెట్టేద్దాం. అప్పులన్నీ ఎగిరిపోతాయంట."

సీతమ్మకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఐ.పి. అంటే ఏంటి? పోలీసులొస్తారా? మెడలో తాళి కూడా తీసుకుంటారా? వడ్డీ వ్యాపారి నోటుకు అన్నయ్య హామీ ఉన్నాడు. ఆయన సంగతేంటి?

మర్నాడు ఇద్దరూ కోర్టుకు వెళ్లారు. అక్కడ న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంది. ఆడవాళ్లకు అక్కడ లాయరు సాయం ఉచితం. ఆదాయం ఎంత ఉన్నా ఉచితమే. 1987లో చేసిన చట్టం ఈ హక్కు ఇచ్చింది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

లాయరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడింది.

ఐ.పి. అంటే ఏంటి?

ఐ.పి. అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. అంటే దివాలా అర్జీ. "నా అప్పులు నేను తీర్చలేను. నా ఆస్తి కోర్టు చేతిలో పెడతాను. అందరికీ పంచండి" అని కోర్టును అడగడం.

ఈ చట్టం 1920 నాటిది. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది. కాని మామూలు మనుషుల అప్పులు చూసే భాగం అందరికీ అమలు కాలేదు. కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్లకు మాత్రమే 2019 డిసెంబరు నుంచి అమలైంది. అందుకే రైతులకు, చిన్న వ్యాపారులకు పాత చట్టమే నడుస్తోంది.

అర్జీలో ఏం రాయాలి?

ఎవరికి ఎంత బాకీ? వాళ్ల పేర్లు, ఊర్లు ఏంటి? మనకు ఏమేం ఆస్తి ఉంది? అది ఎక్కడుంది? అంతా రాయాలి. ఒక్కటి కూడా దాచకూడదు.

భర్త మెల్లగా అడిగాడు. "ఆ ఎకరం మా తమ్ముడి పేర రాసేసి, తర్వాత ఐ.పి. పెడితే?"

"అది తప్పు" అంది లాయరమ్మ. "రెండేళ్ల లోపల ఆస్తి ఊరికే ఎవరికైనా రాసిచ్చి ఉంటే, కోర్టు దాన్ని కొట్టేయొచ్చు. మోసంతో ఆస్తి దాస్తే ఏడాది దాకా జైలు శిక్ష కూడా ఉంది."

తర్వాత ఏం జరుగుతుంది?

అర్జీ వేసిన రోజే అప్పులవాళ్లు ఆగిపోరు. కోర్టు వాళ్లందరికీ నోటీసులు పంపుతుంది. వాయిదా రోజున వాళ్లు రావచ్చు. ఈయన అబద్ధం చెబుతున్నాడని అనవచ్చు. జడ్జిగారు ఈయన్ని ప్రశ్నలు అడుగుతారు. పంట పోయిందనడానికి కాగితాలు, కొట్టు రసీదులు అన్నీ దగ్గర ఉండాలి. వాయిదాలు చాలా పడవచ్చు. ఓపిక కావాలి.

అర్జీ నిజమని తేలితే, ఆయన దివాలా తీశాడని కోర్టు ఆర్డరు ఇస్తుంది. అప్పటి నుంచి ఆస్తి కోర్టుది. కోర్టు పెట్టిన రిసీవరు దాన్ని అమ్ముతాడు. వచ్చిన డబ్బు బాకీలను బట్టి పంచుతాడు. ఇక కోర్టు అనుమతి లేకుండా ఆ బాకీల మీద ఎవరూ కొత్త దావా వేయలేరు.

అంతటితో పని అయిపోదు. కోర్టు ఒక గడువు పెడుతుంది. ఆ గడువులోగా "నన్ను అప్పుల నుంచి విడుదల చేయండి" అని మళ్లీ అడగాలి. అడగకపోతే ఆర్డరు రద్దవుతుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు. మరో మాట. ఆస్తి అమ్మితే రూపాయి బాకీకి యాభై పైసలు కూడా రాకపోతే, కోర్టు పూర్తి విడుదల ఇవ్వదు. తన తప్పు లేదని రుజువు చేసుకుంటేనే ఇస్తుంది. తుపాను, తెగులు అలాంటి రుజువులే.

ఏం పోతుంది? ఏం మిగులుతుంది?

సీతమ్మ తన తాళి పట్టుకుని అడిగింది. "ఇది కూడా తీసుకుంటారా అమ్మగారూ?"

"తీసుకోరమ్మా" అంది లాయరమ్మ. "ఆచారం ప్రకారం ఆడవాళ్లు ఒంటి మీద నుంచి తీయకూడని నగలను జప్తు చేయకూడదు. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు ముట్టుకోరు. రైతు ఉంటున్న ఇల్లు, పనిముట్లు, దున్నే పశువులు, విత్తనాలు కూడా అంతే. బాకీ డబ్బు కోసం ఆడమనిషిని సివిల్ జైల్లో పెట్టకూడదు. ఇదీ చట్టమే."

కాని ఎకరం పొలం పోతుంది. తాకట్టు పెట్టిన గొలుసు మీద బ్యాంకు హక్కు అలాగే ఉంటుంది. ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీ పోదు. మోసం చేసి తెచ్చిన అప్పూ పోదు.

హామీ ఉన్నవాళ్ల సంగతి?

వడ్డీ వ్యాపారి పంపిన నోటీసుకు నోటు నకలు జతచేసి ఉంది. లాయరమ్మ దాన్ని సీతమ్మ చేతికిచ్చింది. "చదవండి" అంది.

సీతమ్మ వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. పైన భర్త సంతకం. దాని కింద "హామీదారు" అని ఉంది. అక్కడ అన్నయ్య సంతకం. అన్నిటికంటే కింద "సాక్షి" అని ఉంది. అక్కడ తన వేలిముద్ర. అది వేసినరోజు ఆమెకు చదువు రాదు. ఏం రాసిందో తెలీదు.

"మీరు సాక్షి మాత్రమే. ఈ బాకీ మీది కాదు. భర్త అప్పు చేశాడని భార్య బాకీదారు కాదు. అప్పు తీసుకున్నట్టు మీరు కూడా సంతకం పెట్టి ఉంటే, మీ మీదా పడేది" అంది లాయరమ్మ. "కాని మీ అన్నయ్య హామీదారు. మీ ఆయన్ని కోర్టు విడుదల చేసినా, ఆయన్ని విడుదల చేయదు. వ్యాపారి ఆయన్ని అడగొచ్చు."

సీతమ్మ భర్త వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు.

ఆ సాయంత్రమే ఇద్దరూ అన్నయ్య ఇంటికి వెళ్లారు. జరిగింది చెప్పారు. అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. "కోర్టు కాగితం వచ్చాక తెలిస్తే మీ గడప తొక్కేవాణ్ని కాదు. ముందే వచ్చి చెప్పావు. వ్యాపారిని లోక్ అదాలత్‌కు పిలిపించమని అడుగుదాం. వడ్డీ తగ్గిస్తే వాయిదాల మీద కడతాను."

వారం తర్వాత అర్జీ తయారైంది. భర్త సంతకం పెట్టబోయాడు. "ఆగు, చదవనీ" అంది సీతమ్మ. బాకీల పట్టీ చదివింది. పాలమ్మే అవ్వ పేరు అందులో లేదు. ఆమె దగ్గర పదివేలు తెచ్చారు. నోటు లేదు.

"ఆ ముసలామెకు కోర్టు ఎందుకులే" అన్నాడు భర్త.

"పేరు లేకపోతే ఆమెకు నోటీసు రాదు. ఆమె వాటా ఆమెకు అందదు. రాయించు" అంది సీతమ్మ.

అవ్వ పేరు రాయించారు. ఆ తర్వాతే ఆయన సంతకం పెట్టాడు.

మాట్లాడుకోండి

1. మీరు ఎప్పుడైనా చదవకుండా వేలిముద్ర వేశారా? ఆ కాగితంలో ఏముందో ఇప్పుడు తెలుసుకోగలరా?

2. సాక్షికీ, హామీదారుకీ తేడా ఏంటి?

3. మీకు బాకీ ఉన్న మనిషి ఐ.పి. పెట్టి, మీకు కోర్టు నోటీసు వస్తే ఏం చేస్తారు? నోటీసు పక్కన పడేయకండి. వాయిదాకు వెళ్లండి. మీ బాకీ రుజువు చేసుకోండి. అప్పుడే మీ వాటా మీకు వస్తుంది.