‘మావయ్యా, దోసెలో ఎన్ని క్యాలరీలు?’

పోయిన దసరాకి అక్కావాళ్లింటికి వెళ్తే మా మేనకోడలు అడిగిన ప్రశ్న ఇది. దానికి 9 ఏళ్లు. ఆ లెక్కల పిచ్చి అంటించింది నేనే. ఆఫీసులో కూర్చుని కూర్చుని పొట్ట వచ్చిందని ఫోన్‌లో క్యాలరీల యాప్ వేసుకున్నా. ఇడ్లీకెంత, చట్నీకెంత అని చూడటం దానికో ఆటలా నేర్పా. అంతకుముందు సంక్రాంతికి, ‘బొండాంలా తయారయ్యావేంటే’ అని అందరి ముందూ అన్నదీ నేనే. అంతా నవ్వాం. అదీ నవ్వింది.

దసరా నాటికి నెయ్యి మానేసింది, రాత్రిపూట అన్నం మానేసింది. లంచ్ బాక్స్ మాత్రం ఖాళీగా వచ్చేది. ఫ్రెండ్స్‌కి పంచేస్తోందని తర్వాతెప్పుడో తెలిసింది. ‘పేచీలే’ అన్నాడు బావ. అమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. చివరికి పిల్లల డాక్టర్ గ్రోత్ చార్ట్ చూపించారు. ఎత్తు పెరిగింది, బరువు ఉన్నచోటే ఉంది. బరువు తగ్గితేనే జబ్బు అనుకుంటాం కదా, ఎదిగే వయసులో పెరగకపోయినా కంగారు పడాల్సిందేనట.

ఇంతకీ చిన్నపిల్లల్లో ఇలాంటివి పెరుగుతున్నాయా? డేటాతో బతికేవాణ్ని కాబట్టి వెతికా. ఇంగ్లండ్ సర్వేల్లో 11-16 ఏళ్లవాళ్లలో ఈటింగ్ డిజార్డర్ ఉన్నవాళ్లు 2017లో 0.5 శాతం, 2023లో 2.6 శాతం. అమెరికాలో కరోనా రోజుల్లో ఎమర్జెన్సీకి వచ్చిన 12-17 ఏళ్ల అమ్మాయిల్లో ఈ సమస్యతో వచ్చినవాళ్ల వాటా రెట్టింపైంది. 16 దేశాల అధ్యయనాలు కలిపి చూస్తే, 6-18 ఏళ్లవాళ్లలో దాదాపు 22 శాతం మందిలో తిండి విషయంలో తేడా లక్షణాలు కనిపించాయి. అయితే అది ప్రశ్నలకిచ్చిన జవాబుల లెక్క, డాక్టర్ తేల్చిన జబ్బు కాదు. ‘ఐదుగురిలో ఒకరికి’ అని వాట్సాప్‌లో తోసేయకండి, ప్లీజ్.

మరీ చిన్నవాళ్లలో ఇది ఇప్పటికీ అరుదే. పైగా పెరుగుదలలో కొంత పేరు పెట్టడం వల్ల వచ్చింది. లావవుతామన్న భయమేమీ లేకుండానే, వాసన పడకో, మెత్తగా ఉందనో, గొంతులో అడ్డుపడుతుందన్న భయంతోనో ఆరోగ్యం చెడేంతగా తిండి మానేసే పిల్లలుంటారు. దాన్ని ‘ఆర్ఫిడ్’ అంటారు. అమెరికన్ సైకియాట్రీ మాన్యువల్‌లో ఆ పేరు చేరిందే 2013లో. అంతకుముందు వాళ్లూ ‘పేచీకోరు’లే. కానీ అంతా పేర్ల మహిమే అంటే నేనొప్పుకోను. మా చిన్నప్పుడు వెక్కిరింపులున్నాయి గానీ, చేతిలో క్యాలరీల లెక్క లేదు.

ఇప్పుడు అక్క, బావల్లో ఒకరు ప్రతి పూటా దాని పక్కనే కూర్చుని తినిపిస్తున్నారు. ఏం తినాలో, ఎంత తినాలో వాళ్లదే నిర్ణయం. తిట్లు లేవు, బరువు మాటే లేదు. కౌన్సెలింగూ నడుస్తోంది. ఎవరిని అడగాలో తెలియనివాళ్లు టెలిమానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

నేను యాప్ తీసేశా. బొండాం మాటకి సారీ చెప్పా. మర్చిపోయి ఉంటుందనుకున్నా. ‘భోగి రోజు కదా’ అంది. మొన్న ఆదివారం దోసె మీద నెయ్యి వేయనా అంటే, కాసేపు పెనం వైపే చూసి, ‘కొంచెం’ అంది.