పనోరమాను ‘బుల్లి గ్రహం’గా మార్చేదెలా? ఆ గుండ్రటి ఫొటోలో నిజమెంత?

బంతిలా గుండ్రటి నేల, దాని చుట్టూ అన్ని వైపులకూ పొడుచుకొచ్చిన భవనాలు, చెట్లు, బయటంతా ఆకాశం. పర్యాటక పేజీల్లో, రియల్ ఎస్టేట్ ప్రకటనల్లో ఇలాంటి ఫొటోలు తరచూ కనిపిస్తుంటాయి. వీటికి ‘లిటిల్ ప్లానెట్’ అని పేరు. ఎంతో ఎత్తు నుంచి తీసినట్టు అనిపిస్తాయి గానీ, మామూలు పనోరమా ఫొటో ఉంటే కొద్ది నిమిషాల్లో కంప్యూటర్‌లో తయారు చేసుకోవచ్చు. కానీ పొడవాటి ఫొటోను గుండ్రంగా చుట్టేటప్పుడు అందులో కొంత సమాచారం మిగులుతుంది, కొంత పోతుంది. ఏది మిగులుతుందో, ఏది పోతుందో చూసేవాళ్లకూ తెలియాలి.

ఎలాంటి ఫొటో కావాలి?

గోల్కొండ కోట పైన బాలా హిస్సార్ దగ్గర నిలబడి, ఉన్నచోటే చుట్టూ తిరుగుతూ పనోరమా తీశారనుకుందాం. ఒక దిక్కున కుతుబ్ షాహీ సమాధులు, ఇంకో దిక్కున గచ్చిబౌలి వైపు ఎత్తయిన భవనాలు, మధ్యలో ఇళ్లు, చెట్లు. ఆకాశం నిర్మలంగా ఉంటే మంచిది. కింది భాగంలో మనుషులు, వాహనాలు కాకుండా గడ్డి, ఇసుక, నీళ్లు, బండరాయి వంటివి ఉంటే ఇంకా మంచిది. ఆ కింది అంచంతా చివరికి కేంద్రంలో ఒక్క చుక్కగా కుదించుకుపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఫొటో ఎడమ చివర, కుడి చివర ఒకదానికొకటి కలవాలి. క్షితిజరేఖ రెండు చివర్లలోనూ ఒకే ఎత్తులో లేకపోతే, గుండ్రంగా చుట్టాక అతుకు దగ్గర మెట్టులా కనిపిస్తుంది. అందుకే ముందు ఫొటోను నిటారుగా సరిచేసుకోవాలి.

ఫొటోషాప్‌లో వరుస ఇది

1. ‘ఫిల్టర్’ మెనూలో ‘అదర్’, అందులో ‘ఆఫ్‌సెట్’ తెరిచి, ‘ర్యాప్ అరౌండ్’ ఎంచుకుని ఫొటోను అడ్డంగా సగం జరపండి. రెండు చివర్లూ మధ్యలో కలుస్తాయి. అక్కడ అతుకు కనిపిస్తే క్లోన్ స్టాంప్‌తో సరిచేయండి.
2. ‘ఇమేజ్ సైజ్’లో వెడల్పు, ఎత్తుల లంకె తీసేసి, వెడల్పును ఎత్తుకు సమానం చేయండి. ఫొటో నొక్కుకుపోయినట్టు కనిపిస్తుంది, కంగారు పడక్కర్లేదు.
3. ఫొటోను 180 డిగ్రీలు తిప్పి తలకిందులు చేయండి.
4. ‘ఫిల్టర్’, ‘డిస్టార్ట్’, ‘పోలార్ కోఆర్డినేట్స్’ తెరిచి ‘రెక్టాంగ్యులర్ టు పోలార్’ ఎంచుకోండి.
5. మూలల్లో ఆకాశం చారలుగా సాగితే వాటిని కత్తిరించండి, లేదా ఒకే రంగుతో నింపండి.

ఈ ఫిల్టర్ ఫొటో పై అంచును కేంద్రంలో పెడుతుంది. మూడో మెట్టు మరిచిపోతే ఆకాశం మధ్యకు, నేల అంచుకు వెళ్తాయి. అప్పుడు గ్రహం బదులు, బావిలోంచి పైకి చూస్తున్నట్టుండే బొమ్మ వస్తుంది. కొందరు కావాలనే అలా చేస్తారు.

ఉచితంగా దొరికే జింప్‌లోనూ ‘డిస్టార్ట్స్’ కింద ఇదే ఫిల్టర్ ఉంది. అందులో ‘మ్యాప్ ఫ్రమ్ టాప్’ దగ్గర టిక్ తీసేస్తే చాలు, ఫొటోను తలకిందులు చేయాల్సిన పని లేదు.

లోపల జరిగే లెక్క

ఫొటోలోని ప్రతి చుక్కకూ అడ్డంగా ఒక కొలత, నిలువుగా ఒక కొలత ఉంటాయి. ఫిల్టర్ అడ్డం కొలతను కోణంగా, నిలువు కొలతను కేంద్రం నుంచి దూరంగా మారుస్తుంది. క్షితిజరేఖ వృత్తమవుతుంది, నిటారు గోడలు కేంద్రం నుంచి బయటికి పోయే గీతలవుతాయి.

6,000 పిక్సెళ్ల వెడల్పు, 3,000 పిక్సెళ్ల ఎత్తు ఉన్న పనోరమాను 3,000 పిక్సెళ్ల చతురస్రంలో చుట్టామనుకుందాం. క్షితిజరేఖ సరిగ్గా సగం ఎత్తులో ఉంటే అది 750 పిక్సెళ్ల వ్యాసార్ధంతో వృత్తమవుతుంది. దాని చుట్టుకొలత సుమారు 4,712 పిక్సెళ్లు. అంటే 6,000 పిక్సెళ్ల దృశ్యం అందులో ఇమడాలి. కేంద్రానికి 75 పిక్సెళ్ల దూరంలోనైతే అదే 6,000 పిక్సెళ్లు 471లోకి కుదించుకుపోతాయి. బయటి అంచున 9,425కు సాగుతాయి. నేల నలిగి, ఆకాశం సాగేది ఇందుకే.

పూర్తి 360 డిగ్రీల కెమెరా ఫొటో ఉంటే మరో పద్ధతి ఉంది. దాన్ని స్టీరియోగ్రాఫిక్ ప్రక్షేపం అంటారు. జింప్ 2.10లో ‘మ్యాప్’ కింద ఉన్న ‘లిటిల్ ప్లానెట్’ చేసేది అదే. ఇందులో కోణాలు చెదరవు. కాబట్టి చిన్న చిన్న ఆకారాలు గుర్తుపట్టేలా ఉంటాయి, కానీ బయటికి పోయేకొద్దీ పరిమాణం పెరిగిపోతుంది. ఈ లెక్క కెమెరాల కన్నా ఎంతో పాతది. ఆకాశగోళాన్ని పళ్లెం మీదకు దించే ఆస్ట్రోలేబ్ పరికరానికి ఆధారం ఇదే. ఫిరోజ్ షా తుగ్లక్ కొలువులోని మహేంద్ర సూరి 1370లో ఆ పరికరంపై ‘యంత్రరాజ’ అనే సంస్కృత గ్రంథం రాశారు. జైపుర్ జంతర్ మంతర్‌లో ఆ పేరుతోనే ఒక భారీ లోహపు యంత్రం ఉంది.

ఏది నమ్మాలి, ఏది నమ్మకూడదు?

పూర్తి చుట్టు తీసిన ఫొటోలో దిక్కుల వరుస మారదు. ఒక భవనం పక్కన ఏ దిక్కున ఏముందో గుండ్రటి బొమ్మలోనూ అదే వరుసలో ఉంటుంది. కానీ దూరాలు, విస్తీర్ణాలు నమ్మదగినవి కావు. గోల్కొండ బొమ్మలో సమాధులూ, ఎక్కడో దూరాన ఉన్న గచ్చిబౌలి భవనాలూ ఒకే గట్టు మీద ఇరుగుపొరుగులా నిలబడతాయి. 240 డిగ్రీల పనోరమానైతే ఫిల్టర్ ఎలాగోలా చుట్టేస్తుంది. అప్పుడు అసలు పక్కపక్కన లేనివి పక్కపక్కన చేరి, దిక్కులు కూడా తప్పుతాయి.

అలంకారానికి వాడితే ఇబ్బంది లేదు. చెరువు ఎంత మిగిలింది, వరద ఎంత మేర వచ్చింది, సభకు ఎంతమంది వచ్చారు అన్న వాదనల్లో ఇలాంటి ఫొటో సాక్ష్యం కాలేదు. చిన్న కుంట కూడా ఇందులో గ్రహమంతా నీళ్లేనన్నట్టు కనిపించగలదు. వెంచర్ ప్రకటనలో గుండ్రటి పచ్చదనం చూసి స్థలం కొనాలనుకునేవారు అసలు పనోరమాను, సర్వే కొలతలను అడగడం మేలు. ఇలాంటి బొమ్మను ప్రచురించేవారు ‘పనోరమా నుంచి మార్చిన చిత్రం’ అని కింద ఒక మాట రాయాలి, అసలు ఫొటోను విడిగా భద్రపరచాలి.