విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ పోటీలు (నల్గొండ, మహబూబ్ నగర్)

నల్గొండ, మహబూబ్ నగర్ ప్రాంతాల కళాశాల విద్యార్థులు ఫుట్‌బాల్ పోటీలలో ఎవరితో, ఎప్పుడు, ఎక్కడ ఆడాలన్నది వారి కళాశాల ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్నదనే దానిపై ఆధారపడి ఉంటుంది. విశ్వవిద్యాలయ పరిధి మారినప్పుడల్లా పోటీల క్రమం కూడా మారుతూ వచ్చింది.

నేపథ్యం

1918లో స్థాపించబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిధిలో ఈ రెండు జిల్లాల కళాశాలలు చాలాకాలం ఉన్నాయి. 1976లో వరంగల్లులో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత కూడా ఇవి ఉస్మానియాలోనే కొనసాగాయి. అంతర కళాశాలల పోటీలలో జిల్లా జట్లు హైదరాబాదు నగర కళాశాలలతో తలపడవలసి వచ్చేది. నగరం సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఇన్ని కళాశాలలకూ కలిపి విశ్వవిద్యాలయ జట్టు ఒక్కటే కావడం వలన దానిలో చోటు దొరకడం కష్టంగా ఉండేది. ఫుట్‌బాల్ లో హైదరాబాదు బలం సామాన్యమైనది కాదు. 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచిన భారత జట్టుకు శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీం ఆ నగరానికి చెందినవాడే.

కొత్త విశ్వవిద్యాలయాలు

2007లో నల్గొండలో ఏర్పడిన విశ్వవిద్యాలయానికి తరువాత మహాత్మా గాంధీ పేరు పెట్టారు. 2008లో మహబూబ్ నగర్ లో పాలమూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. దీనితో రెండు ప్రాంతాలకూ సొంత అంతర కళాశాలల పోటీలు, సొంత జట్లు సాధ్యమయ్యాయి. 2016లో జిల్లాలు విభజింపబడినప్పటికీ సూర్యాపేట, యాదాద్రి భువనగిరి కళాశాలలు నల్గొండతోను, వనపర్తి, గద్వాల, నాగర్ కర్నూల్ కళాశాలలు పాలమూరుతోను కలిసే ఆడుతున్నాయి.

పోటీల క్రమం

విశ్వవిద్యాలయాల మధ్య పోటీలను భారత విశ్వవిద్యాలయాల సంఘం నిర్వహిస్తుంది. ఇది 1925లో అంతర విశ్వవిద్యాలయ మండలిగా ప్రారంభమై, 1973లో ప్రస్తుత పేరును పొందింది. దేశాన్ని ఉత్తర, దక్షిణ, తూర్పు, పశ్చిమ మండలాలుగా విభజించారు. తెలంగాణ దక్షిణ మండలంలో ఉన్నది. మండల పోటీలు మొదట నాకౌట్ పద్ధతిలోను, చివరి నాలుగు జట్ల మధ్య లీగ్ పద్ధతిలోను జరుగుతాయి. ఆ నాలుగు జట్లే అఖిల భారత పోటీలకు అర్హత పొందుతాయి.

ఇబ్బందులు

ఆతిథ్యమిచ్చే విశ్వవిద్యాలయాన్ని, తేదీలను సంఘమే నిర్ణయిస్తుంది. కాబట్టి ఆ తేదీలకు ముందే కళాశాలల పోటీలు, ఎంపిక, శిక్షణ శిబిరం ముగియాలి. తెలంగాణ డిగ్రీ కళాశాలలలో 2016-17 నుండి సెమిస్టర్ పద్ధతి వచ్చిన తరువాత పరీక్షలకు, పోటీలకు మధ్య వ్యవధి తగ్గింది. నాకౌట్ లో మొదటి ఆట ఓడితే ఆ సంవత్సరానికి ఆ జట్టు మండల పోటీలు ముగిసినట్లే. దూర ప్రయాణం చేసి ఒక్క ఆటతో వెనుదిరగవలసి రావచ్చు. సొంత జట్టు వలన ఎక్కువమందికి అవకాశం వచ్చింది, కాని నగర ఆటగాళ్ళతో తరచుగా ఆడే సాధన తగ్గింది.

ఇతర దేశాలలో

అమెరికాలో విశ్వవిద్యాలయాలు 'కాన్ఫరెన్సు' అనే కూటములుగా ఏర్పడి, తమలో తాము ఆడే ఆటల పట్టికను ముందుగానే నిర్ణయించుకుంటాయి. (అక్కడ ఫుట్‌బాల్ అనగా వేరొక ఆట.) 2024లో పాక్-12 కూటమిలో రెండే విశ్వవిద్యాలయాలు మిగిలినప్పుడు, అవి మౌంటెన్ వెస్ట్ కూటమితో ఒప్పందం చేసుకుని ఆ సంవత్సరపు పట్టికను నింపుకున్నాయి. భారతదేశంలో మండలం భౌగోళిక విభజన మాత్రమే. పొరుగు విశ్వవిద్యాలయాలు పరస్పర అంగీకారంతో స్నేహపూర్వక ఆటలు ఏర్పాటు చేసుకుంటే, మండల పోటీలకు ముందు సాధన లోటు కొంత తీరుతుంది.